మానిన అంచు

పెరూ దేశంలోని కుస్కో ఒకప్పుడు ఇన్కా సామ్రాజ్యానికి రాజధాని. 1860ల్లో ఆ ఊళ్లో సెంతెనో అనే సంపన్న మహిళ ఇంట్లో పాత వస్తువుల పెద్ద సేకరణ ఉండేది. అధ్యక్షుడు లింకన్ 1863లో పెరూకు పంపిన అమెరికా ప్రతినిధి ఎఫ్రెయిమ్ జార్జ్ స్క్వయర్‌కు పురాతన కట్టడాలంటే ప్రాణం. దేశమంతా తిరుగుతూ ఆయన ఆ ఇంటికీ వెళ్లాడు. అక్కడున్న వస్తువుల్లో ఒక పుర్రె ముక్క ఆయన కంటపడింది. యూకాయ్ లోయలోని ఇన్కా శ్మశానంలో దొరికిందది. నుదుటి ఎముకలో ఒక రంధ్రం ఉంది. రెండు నిలువు కోతలు, రెండు అడ్డ కోతలు ఒకదాన్నొకటి దాటిన చోట మధ్యనున్న నలుచదరపు ముక్కను ఎవరో ఊడదీశారు. సుమారు 15 మిల్లీమీటర్ల వెడల్పు, 17 మిల్లీమీటర్ల పొడవు. అంటే బొటనవేలి గోరంత. దెబ్బకు పగిలిన ఎముక అంత తిన్నగా పగలదు. కావాలని, కొలత చూసుకుని, ఓపిగ్గా కోసిన పని అది. స్క్వయర్‌కు ఆ సంగతి అర్థమైంది. పుర్రెను న్యూయార్క్ తీసుకువెళ్లాడు.

1865లో న్యూయార్క్ వైద్య అకాడమీలో దాన్ని పరిశీలించినవాళ్లు ఒక మాట మీదికి రాలేకపోయారు. కోత బతికున్న మనిషికి పడిందా, శవానికి పడిందా అన్నదే తగువు. స్క్వయర్ దాన్ని పారిస్‌లో పాల్ బ్రోకాకు పంపాడు. మనం మాట్లాడటానికి మెదడులో ఏ భాగం ఆధారమో 1861లో గుర్తించిన సర్జన్ ఆయనే. ఆ భాగాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1867లో బ్రోకా పారిస్ మానవశాస్త్ర సంఘం ముందు తన తీర్పు చెప్పాడు. రంధ్రం చుట్టూ ఎముక మీద సన్నసన్నని గుంటలున్నాయి. అది వాచిన ఎముక లక్షణం. చచ్చిన ఎముక వాచదు. కాబట్టి కోత పడేనాటికి మనిషి ప్రాణంతో ఉన్నాడు, ఆ తర్వాత కూడా ఒకటి రెండు వారాలు బతికాడు. విన్నవాళ్లకు ఇది అంత తేలిగ్గా మింగుడుపడలేదు. ఆనాటి యూరప్ ఆస్పత్రుల్లో పుర్రెకు రంధ్రం చేస్తే రోగుల్లో ఎక్కువమంది చనిపోయేవారు. చాలామంది సర్జన్లు ఆ ఆపరేషన్ జోలికే పోవడం మానేశారు. తమకు చేతకానిది, లిపి లేని, ఇనుము ఎరగని సమాజానికి చేతనైందంటే ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

బ్రోకా చేసిన పని తర్వాతి పరిశోధకులకు దారి చూపింది. పుర్రెలో రంధ్రం కన్నా దాని అంచు ముఖ్యం. పుర్రె ఎముకను అడ్డంగా కోస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైనా కిందా గట్టి పొరలు, మధ్యలో తేనెపట్టులా గదులు గదులుగా ఉండే మెత్తటి పొర. కోసిన కొత్తలో ఆ గదులు నోళ్లు తెరుచుకుని ఉంటాయి, పరికరం గీసిన గీతలు అంచు మీద స్పష్టంగా ఉంటాయి. మనిషి అప్పుడే చనిపోతే వెయ్యేళ్లయినా ఎముక అలాగే మిగిలిపోతుంది. బతికితే, పాత గోడ బాగుచేసే మేస్త్రీలా దేహం ముందు పనికిరానిదాన్ని తొలగిస్తుంది. ఎముకను కరిగించే కణాలు చేరి అంచును కొరుకుతాయి. కొన్ని వారాల్లో పదును పోయి చుట్టూ గుంటలు పడతాయి. ఆ తర్వాత ఎముకను కట్టే కణాల వంతు. నెలల తరబడి, ఏళ్ల తరబడి కొత్త ఎముక పలుచగా పరుచుకుంటూ తేనెపట్టు గదుల్ని మూసేస్తుంది. చివరికి అంచు ఏటి గులకరాయిలా నునుపు తేలుతుంది. పెద్దవాళ్లలో రంధ్రం సాధారణంగా పూర్తిగా పూడదు గాని అంచు మానుతుంది. అంచు పదునుగా ఉంటే మరణం ఆపరేషన్‌తోనే వచ్చిందని, గుంటలు పడి ఉంటే కొన్ని వారాలు గడిచాయని, నునుపుగా ఉంటే నెలలో ఏళ్లో బతికాడని అర్థం. వైద్యుడు రాసుకున్న కాగితం లేకపోయినా చికిత్స ఫలితం మాత్రం రోగి ఎముక మీదే నమోదై ఉంటుంది.

ఆ నమోదును చదివిన మీదట నాకు తోచిన నిర్ణయం ఒకటి ఉంది. తలకు దెబ్బ తగిలి, ఆపైన తల తెరిపించుకుని కూడా ఆండీస్ పర్వతాల్లో అంతమంది బతికారంటే అందులో అదృష్టం పాలు తక్కువ, నేర్పు పాలు ఎక్కువ. ఎక్కడ ఆగాలో తెలిసిన చేతులు, ఫలితం చూసి పద్ధతి మార్చుకున్న తరాలు దానికి కారణం. మెదడు ఎలా పనిచేస్తుందో వాళ్లకు తెలియదు. అయినా మెదడు జోలికి పోకుండా పుర్రెను ఎలా తెరవాలో తెలుసు. ఈ రెండూ వేర్వేరు జ్ఞానాలు. తలగాయం పాలైన మనిషి ప్రాణం నిలబడటంలో రెండోదానికి ఎంత బలముందో ఈ పుర్రెలు చూపిస్తాయి. ఈ మాటకు అభ్యంతరాలు చాలానే ఉన్నాయి, వాటిలో కొన్ని గట్టివి కూడా. ముందు సాక్ష్యం చూసి, తర్వాత వాటిని ఒక్కొక్కటిగా విచారిద్దాం.

పెరూలో ఇలా తెరిచిన పుర్రెలు 800కు పైగా దొరికాయి. చరిత్రకు ముందు కాలానికి చెందినవి మిగతా ప్రపంచమంతా కలిపినా అన్ని లేవు. వాటిని మొదట శ్రద్ధగా సేకరించినవాళ్లలో హూలియో తేయో ఒకరు. పెరూ కొండప్రాంతమైన ఉవరోచిరీలో స్థానిక కుటుంబంలో పుట్టి, లిమాలో వైద్యం చదివి, పురావస్తు పరిశోధనకు జీవితం ధారపోసిన మనిషి. మన కాలంలో ఆ పనిని ముందుకు నడిపినవాడు అమెరికాలోని టులేన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ వెరానో. నరాల వైద్యుడు డేవిడ్ కుష్నర్, మానవశాస్త్రవేత్త ఆన్ టైటెల్‌బామ్‌లతో కలిసి 2018లో ఆయన ప్రచురించిన లెక్క ఇది. క్రీస్తుపూర్వం 400–200 మధ్య దక్షిణ తీరంలో తెరిచిన 59 పుర్రెల్లో దీర్ఘకాలం బతికినవాళ్లవి సుమారు 40 శాతం. క్రీస్తుశకం 1000–1400 మధ్య కొండప్రాంతాలకు చెందిన 421 పుర్రెల్లో అది 53 శాతం. 1400ల నుంచి 1500ల నడుమ వరకు కుస్కో ప్రాంతపు ఇన్కా కాలానికి చెందిన 160 పుర్రెల్లో 75 నుంచి 83 శాతం. ఒకే తలలో ఏడు రంధ్రాలు పడి, ఏడూ మానిన పుర్రె కూడా కుస్కో ప్రాంతంలో ఉంది. ఏదో ఒక చోట ఎవరో ఒక గట్టి మనిషి బతికి బట్టకట్టాడంటే అదృష్టం అనుకోవచ్చు. పద్దెనిమిది వందల ఏళ్ల పైచిలుకు కాలంలో బతికేవాళ్ల పాలు రెట్టింపు అయిందంటే, దాని వెనక నేర్చుకోవడం ఉండి తీరాలి.

అసలు పుర్రెను తెరవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఆండీస్ యుద్ధాల్లో ముఖ్యమైన ఆయుధాలు వడిసెల, గద. మన పొలాల్లో పిట్టల్ని తోలడానికి వాడే వడిసెలే అక్కడ సైనికుడి చేతిలో కోడిగుడ్డంత రాయిని తల మీదికి విసిరేది. నక్షత్రంలా కొమ్ములు తేలిన రాతి గద దగ్గరి పోరులో దెబ్బ వేసేది. ఇలాంటి దెబ్బ పుర్రెను ఒకచోట లోపలికి సొట్టబెడుతుంది. పగిలిన ఎముక చెక్కలు మెదడు పొరను గుచ్చుతాయి. ఎముకకూ పొరకూ మధ్య రక్తనాళం తెగితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. పుర్రె గట్టి చిప్ప. అది సాగదు కనుక లోపల చేరిన రక్తం మెదడును నొక్కుతుంది. దెబ్బ తగిలాక లేచి మాట్లాడిన మనిషి కొన్ని గంటల్లో మత్తులోకి జారిపోయి చనిపోవడం వెనక తరచు ఉండేది ఇదే. చెక్కల్ని ఏరేసి, గడ్డకట్టిన రక్తానికి దారి ఇస్తే ఒత్తిడి తగ్గుతుంది. ఈనాడు బైకు మీంచి పడిన కుర్రాడికి న్యూరోసర్జన్ చేసేది కూడా మూలంలో ఈ పనే. సొట్టపడిన ఎముకను ఎత్తుతాడు, రక్తాన్ని తీసేస్తాడు, గాయాన్ని శుభ్రం చేస్తాడు. పెరూ పుర్రెల్లో చాలావాటికి రంధ్రం పక్కనే పగులు గీతలుండటం, స్త్రీల కన్నా పురుషుల పుర్రెలు ఎక్కువగా ఉండటం ఈ కారణాన్నే బలపరుస్తాయి.

నేర్పు ఎక్కడుందో చూడాలంటే కోత పద్ధతుల దగ్గరికి వెళ్లాలి. పెరూలో ముఖ్యంగా నాలుగు పద్ధతులు కనిపిస్తాయి: స్క్వయర్ పుర్రెలోలాగా తిన్నని గీతలు కోసి ముక్క లేపడం, వెడల్పుగా గీకుతూ ఎముకను పలచబరచడం, చుట్టూ గుండ్రంగా గాడి తీయడం, వరసగా చిన్న చిల్లులు తొలవడం. తిన్నని కోతలో ఒక చిక్కుంది. గీత పొడవునా లోతు ఒకేలా నిలపడం కష్టం. పుర్రె లోపలివైపు వంపు తిరిగి ఉంటుంది గనక ఎక్కడో ఒకచోట మెదడు పొర తెగడానికి అవకాశం ఎక్కువ. గీకడంలోనూ గుండ్రటి గాడిలోనూ చెయ్యి కొద్దికొద్దిగా దిగుతుంది, ఎముక ఎంత పలచబడిందో చూపుకూ వేలికీ తెలుస్తూనే ఉంటుంది. తొలికాలంలో తీరప్రాంతంలో చేసిన రంధ్రాలు చాలా పెద్దవి. ఇన్కా కాలానికి వచ్చేసరికి చిన్న రంధ్రాలు, గీకుడు, గుండ్రటి గాడి స్థిరపడ్డాయి. పనికిమాలిన పద్ధతి వెనక్కి పోయి, ప్రాణం నిలిపే పద్ధతి ముందుకొచ్చింది. ఇదంతా రాతి పనిముట్లతో సాధ్యమా అంటారా? బ్రోకా స్వయంగా ఒక గాజుపెంకుతో పుర్రెల్ని గీకి చూశాడు. పెద్దవాడి పుర్రెకు, చెయ్యి నొప్పెట్టినప్పుడు ఆగిన సమయంతో సహా, 50 నిమిషాలు పట్టింది. రెండేళ్ల పిల్లవాడి పుర్రెకు 4 నిమిషాలు చాలాయి.

ఇక్కడ అసలు హద్దు మెదడును కప్పి ఉంచే గట్టి పొర. అది చెక్కుచెదరకపోతే బయటి క్రిములు మెదడుకు చేరడం కష్టం. అది చిరిగితే చీము పట్టి మనిషి బతకడం, మందులు లేని కాలంలో, దాదాపు అసాధ్యం. ఈ హద్దును గుర్తించింది ఆండీస్ వైద్యులే కాదు. గ్రీకుల హిప్పోక్రటీస్ పేరిట ప్రచారంలో ఉన్న తలగాయాల గ్రంథం పుర్రె తొలిచేటప్పుడు చివరిదాకా తొలవవద్దని, పలుచని ఎముక రేకును పొర మీద వదిలేస్తే తర్వాత అదే ఊడివస్తుందని చెబుతుంది. తొలుస్తుంటే వేడెక్కే పరికరాన్ని మాటిమాటికీ తీసి చన్నీళ్లలో ముంచమని కూడా చెబుతుంది. వేడికి ఎముక చచ్చిపోతుందని చూసి నేర్చుకున్నవాడే అలా చెప్పగలడు. మన సుశ్రుతుడు తలలోని మర్మస్థానాల్లో ఉత్క్షేపాలు, స్థపని అనేవాటిని వేరుగా లెక్కపెట్టాడు. అక్కడ బాణం గుచ్చుకుంటే అది లోపల ఉన్నంతవరకూ మనిషి బతుకుతాడు, పీకేస్తే పోతాడు అన్నాడు. తలలో గుచ్చుకున్నదాన్ని ప్రమాద స్థలంలో లాగవద్దని ఈనాటి వైద్యులు చెప్పేదీ అందుకే. దూరదూరంగా ఎదిగిన మూడు వైద్యాలు ఒకే సంయమనానికి చేరాయి. రోగుల చావుబతుకులను దగ్గరుండి గమనించినవాళ్లకే ఆ సంయమనం అబ్బుతుంది.

ఇక అభ్యంతరాలు. ఇదంతా వైద్యం కాదు, పూజో తంతో అయి ఉండవచ్చు కదా అని మొదటి ప్రశ్న. దయ్యం పట్టిందని తల తెరిచిన సందర్భాలు ప్రపంచంలో లేకపోలేదు, పెరూలోనూ పగులు గుర్తు లేని పుర్రెలున్నాయి. అయితే పగుళ్ల పక్కన రంధ్రాలు అన్ని ఉండటానికి తంతు సమాధానం చెప్పలేదు. పైగా తంతుకైతే బతికేవాళ్ల పాలు పెరగాల్సిన పని లేదు. అందాహుయ్లాస్ ప్రాంతపు సమాధి గుహల్లో 32 మంది పుర్రెల మీద 45 ఆపరేషన్లను గుర్తించి డానియెల్ కూరిన్ 2013లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ముఖ్యమైనది. అక్కడ కొన్ని చిల్లులు చనిపోయాక వేసినవి. వాటిని ఆమె సాధనగా అర్థం చేసుకున్నారు. నేటి వైద్య విద్యార్థి శవం మీద నేర్చుకున్నట్టే వాళ్లూ నేర్చుకున్నారన్నమాట. మంత్రం చదివి చేశారా, చదవకుండా చేశారా అన్నది ఎముక చెప్పదు. మంత్రం చదివినా సరే, చేతిలోని నేర్పు దానివల్ల తగ్గదు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. బతికినవాళ్లు ఆపరేషన్ వల్లే బతికారని ఎలా అంటారు? చిన్న దెబ్బ తగిలినవాడికి తల తెరిచి ఉండవచ్చు. అతను ఏమీ చేయకపోయినా బతికేవాడే. పెద్ద దెబ్బ తగిలినవాడు వైద్యుడి దాకా రాకుండానే పోయి ఉండవచ్చు. ఈ ప్రశ్న న్యాయమైనది, దీన్ని ఒప్పుకోవాలి. ఆపరేషన్ జరిగినవాళ్లనూ జరగనివాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చే అవకాశం పాత శ్మశానాలు మనకివ్వవు. అందుకే నా వాదనను అంతకు మించి సాగదీయను. ఫలానా మనిషిని ఆపరేషన్ కాపాడిందని ఏ పుర్రె గురించీ చెప్పలేం. చెప్పగలిగింది వేరే ఉంది. బతికున్న మనిషి తల తెరవడం తనంతట తానే ప్రాణాంతకమైన పని. ఆ పని చేయించుకున్న నూరుమందిలో 75 నుంచి 83 మంది నెలలు, ఏళ్లు బతికారంటే కనీసం వైద్యుడి చేతిలో ప్రాణం పోలేదని రుజువైనట్టే. పందొమ్మిదో శతాబ్దపు ఆస్పత్రులు ఆ మాత్రం కూడా చెప్పుకోలేకపోయాయి.

దీని మీద మూడో అభ్యంతరం లేస్తుంది. కుష్నర్, వెరానోలు ఇన్కా ఫలితాలను 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంతో పోల్చారు. ఆ యుద్ధంలో పుర్రె ఆపరేషన్ చేయించుకున్న సైనికుల్లో 46 నుంచి 56 శాతం చనిపోగా, ఇన్కాల్లో మరణాలు 17 నుంచి 25 శాతం. తుపాకీ గుండుకూ వడిసెల రాయికీ పోలికేమిటి అని అడగవచ్చు. నిజమే. గుండు ఎముకను తుత్తునియలు చేసి, మెదడు పొరను చీల్చి, బట్టపేలికలనూ మట్టినీ లోపలికి లాక్కుపోతుంది. అంకెల్లో తేడా మొత్తాన్నీ సర్జన్ల మీద రుద్దడం అన్యాయం. అయినా ఆయుధమే పూర్తి కారణం కాదు. ఆ సర్జన్లకు ఉక్కు పరికరాలున్నాయి, శరీరం లోపలి నిర్మాణం తెలుసు, నొప్పి తెలియకుండా చేసే ఈథర్, క్లోరోఫాం ఉన్నాయి. లేనిది శుభ్రత. కడుక్కోని వేలు గాయంలో పెట్టి గుండు కోసం వెతికేవారు. ఒకే పరికరం, ఒకే స్పాంజి ఒక రోగి నుంచి ఇంకో రోగికి మారేవి. గాయపడినవాళ్లు కిక్కిరిసిన వార్డుల్లో ఒకరి చీము ఇంకొకరికి అంటేది. కోత దాకా బతికి వచ్చిన మనిషిని చాలాసార్లు కోత తర్వాతి చీము బలిగొన్నది.

ఆయుధం తేడా లేకుండా చూద్దామంటే పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ బ్రిటన్ దీవి ఉంది. ఇప్పుడది పపువా న్యూ గినీలో భాగం. అక్కడి తోలాయ్ ప్రజల యుద్ధాల్లోనూ వడిసెలే ఆయుధం, సొట్టపడిన పుర్రెలే గాయాలు. వాళ్ల వైద్యుడు తల తెరవడం క్రంప్ అనే మతప్రచారకుడు చూసి 1901లో లండన్ మానవశాస్త్ర పత్రికలో రాశాడు. వైద్యుడు ముందు గాయాన్ని లేత కొబ్బరి బొండాం నీళ్లతో కడుగుతాడు. అగ్నిపర్వతపు గాజురాయి ముక్కతోనో సొరచేప పంటితోనో తోలు కోస్తాడు. విరిగిన ఎముక చెక్కల్ని ఏరేసి, అంచుల్ని గీకి, మళ్లీ కప్పి కట్టు కడతాడు. చనిపోయేవాళ్లు సుమారు 20 శాతమని, అందులోనూ ఎక్కువమంది దెబ్బ తీవ్రత వల్లే పోతారని క్రంప్ అంచనా. కొబ్బరి బొండాం గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చెట్టు మీంచి దించి అప్పుడే కొట్టిన బొండాంలోని నీళ్లకు బయటి గాలి సోకదు, క్రిములుండవు. చుట్టూ దొరికే నీళ్లలో అంతకన్నా శుభ్రమైనవి ఆ వైద్యుడికి దొరకవు. ఆ సంగతి ఆయనకు క్రిముల శాస్త్రం చెప్పలేదు, గాయాలు చెప్పాయి. పెరూకూ న్యూ బ్రిటన్‌కూ మధ్య మహాసముద్రం అడ్డం. అయినా ఫలితం దగ్గరదగ్గరగా ఉంది. జనసమ్మర్దం లేని చోట, రాతి పెచ్చుతో, పొర దాటకుండా చేసిన ఆపరేషన్‌ను మనిషి తట్టుకోగలడని ఈ రెండు చోట్లా కనబడుతోంది.

నాలుగో అభ్యంతరం బతకడం వేరు, బాగుపడటం వేరు అంటుంది. అంచు మానిన పుర్రె మనిషికి మాట వచ్చిందో లేదో చెప్పదు, మూర్ఛలు పట్టుకున్నాయో లేదో చెప్పదు. ఈ అభ్యంతరానికి పూర్తి సమాధానం లేదు. తలగాయం నుంచి బతికి బయటపడ్డాక జీవితం ఎలా మారిపోతుందో వైద్యులు కళ్లారా చూసి రాసిన సందర్భం ఒకటి ఉంది. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం బండలు పేల్చే చోట ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ చెంప కింద నుంచి నడినెత్తి దాకా ఇనుప గడ దూసుకుపోయింది. మీటరుకు పైగా పొడవు, 6 కిలోల బరువున్న గడ. డాక్టర్ జాన్ హార్లో గాయాన్ని శుభ్రం చేశాడు, ఎముక ముక్కల్ని సర్దాడు, చీము పట్టినప్పుడు కోసి బయటికి దారి ఇచ్చాడు. గేజ్ మరో 11 ఏళ్లకు పైగా బతికాడు. మనిషి స్వభావం మారిందని హార్లో రాశాడు. అయితే ఆ తర్వాత చిలీ దేశంలో ఏళ్ల తరబడి గుర్రబ్బండి తోలాడన్నదీ నిజమే. చివరికి 1860లో మూర్ఛలతో చనిపోయాడు. ఆండీస్ రోగుల్లోనూ ఇలాంటి బతుకులు ఉండే ఉంటాయి. కానీ వాళ్లలో అనేకమంది మెదడు పొర దాటని దెబ్బ తిన్నవాళ్లు అయి ఉండాలి. అలాంటి దెబ్బకు ఒత్తిడి తొలగితే మనిషి పూర్తిగా కోలుకోవడం ఈనాటికీ చూస్తున్నదే. అదీకాక, తల పగిలి మంచాన పడ్డ మనిషి ఏళ్లపాటు బతకాలంటే తిండి పెట్టి, నీళ్లు తాపి, గాయం చూసుకున్నవాళ్లు ఉండాలి. మానిన అంచు వెనక వైద్యుడి చేతులతో పాటు ఇంటివాళ్ల చేతులూ ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్దం చివరి కథ ఈ వాదనకు మరో ఆధారం. బ్రోకా స్క్వయర్ పుర్రెను గురించి చెప్పిన 1867లోనే గ్లాస్గోలో పనిచేస్తున్న జోసెఫ్ లిస్టర్ గాయాల్ని కార్బాలిక్ ఆమ్లంతో శుభ్రం చేస్తే చీము పట్టదని ప్రచురించాడు. ఆయన దగ్గర చదువుకున్న విలియం మెకీవెన్ అదే ఊళ్లో 1879లో పుర్రె తెరిచి, మెదడు పొర మీది కంతిని తీసి, రోగిని బతికించాడు. ఇన్నేళ్లుగా పొర దాటితే చావే అనుకున్న హద్దు అప్పటి నుంచి మెల్లగా వెనక్కి జరిగింది. సర్జన్ల ధైర్యమో, పరికరాల పదునో పెరిగి ఈ మార్పు రాలేదు. వాళ్లకు కొత్తగా వచ్చింది శుభ్రత. యూరప్‌కు రెండు వేల ఏళ్లుగా పుస్తకాలున్నాయి, కానీ గాయం చెప్పేది వినడం ఆలస్యమైంది. ఆండీస్ వైద్యులు గాయం చెప్పింది విన్నారు, కానీ వాళ్లకు పుస్తకం లేదు. 1532లో స్పెయిన్ సైన్యం వచ్చి ఆ సమాజాన్ని ఛిన్నాభిన్నం చేశాక, చేతి నుంచి చేతికి అందుతూ వచ్చిన ఆ నేర్పు చాలావరకు తెగిపోయింది. గమనించి నేర్చుకోవడం ఎంత అవసరమో, నేర్చుకున్నదాన్ని రాసి ఉంచడమూ అంతే అవసరం.

మన దేశం సంగతీ ఇదే కొలతతో కొలవాలి. బౌద్ధ వినయపిటకంలోని మహావగ్గంలో జీవకుడు అనే వైద్యుడు రాజగృహ వర్తకుడి తల తెరిచి రెండు పురుగుల్ని తీసిన కథ ఉంది. మనవాళ్లు ఎప్పుడో మెదడు ఆపరేషన్లు చేశారని గర్వంగా చెప్పేవాళ్లు తరచు దీన్నే చూపిస్తారు. అది పుర్రె తెరవచ్చన్న ఊహ ఆ కాలంలో ఉందనడానికి సాక్ష్యం. ఆపరేషన్ జరిగిందనడానికి, రోగి బతికాడనడానికి సాక్ష్యం కాదు. కశ్మీరులోని బుర్జాహోంలో దొరికిన నవీన శిలాయుగపు స్త్రీ పుర్రె మీద పూర్తయిన రంధ్రాలు, సగంలో ఆగిన రంధ్రాలు ఉన్నాయి. ఇది కథ కన్నా బరువైన ఆధారం. అవి బతికుండగా చేసినవా, ఎందుకు చేశారు అన్నదాని మీద పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. ఆ తగువును తేల్చాల్సింది కూడా అంచే. ఫ్రాన్స్‌లోని ఎన్సిసైమ్‌లో దొరికిన సుమారు 7,000 ఏళ్ల నాటి పుర్రెకు రెండు రంధ్రాలున్నాయి. వాటి అంచుల్లో మానిన గుర్తులుండబట్టే ప్రపంచం దాన్ని ఒప్పుకుంది. ఎముక చెప్పినంతవరకే ఒప్పుకుందాం. మన పూర్వుల విషయంలోనూ, ఇతరుల విషయంలోనూ న్యాయం ఒకటే ఉండాలి.

స్క్వయర్ తెచ్చిన పుర్రె ఇప్పుడు న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఉంది. బ్రోకా లెక్క ప్రకారం ఆ మనిషి కోత పడ్డాక రెండు వారాలకు మించి బతకలేదు. పైగా అతనికి చేసింది తిన్నని గీతల పద్ధతి, ఆండీస్ వైద్యులు వాడిన నాలుగింటిలో ప్రమాదం ఎక్కువున్నది. ప్రపంచానికి ఈ చరిత్రను మొదట తెలియజేసిన పుర్రె అలా ఒక విఫలమైన ఆపరేషన్‌ది. బహుశా అలాంటి వైఫల్యాల్ని చూసి చూసే ఆ వైద్యులు గీత కోత మాని గుండ్రటి గాడికి మారారు. కుస్కో ప్రాంతంలోని 11 చోట్ల దొరికిన 411 మంది ఎముకల్లో 66 మందికి తల తెరిచి ఉంది, మొత్తం 109 రంధ్రాలు. వాటిలో ఎక్కువ భాగం అంచులు నునుపుగా మాని ఉన్నాయి.